గృహిణీ గోష్ఠి: ‘వచ్చే యేడు చూతము’



గడచిన మాసమున పనిమీద చిత్తూరు ప్రాంతమునకు పోయి, కాణిపాకమున వరసిద్ధి వినాయకుని దర్శించితిమి. దర్శనమైన పిదప కోనేటి దాపున నీడలో కూర్చుండగా, మా ప్రక్కనే ఒక తల్లియు కూతురును ప్రసాదము చేతబట్టుకొని వాదించుకొనుచుండిరి. మాటలు మెల్లగనే సాగుచున్నను పిల్ల కన్నుల నీరు నిలిచియుండెను. కొంతసేపటికి తల్లి మావైపు తిరిగి, “మీరైనా చెప్పండమ్మా. మా పాప చిత్తూరులో డిగ్రీ మొదటి యేడు చదవతా ఉంది. ఎన్.సి.సి.లో చేరతానంటా ఉంది. ఇంకో మూడునాళ్లలో పేరియ్యాలంట. వచ్చే యేడు చూద్దాంలే అంటే వినదు” అనెను.

ఆ తల్లి సంశయములు పెక్కు. ఆడపిల్ల తుపాకి పట్టుట యేమి? పది దినములు ఊరుగాని యూరిలో శిబిరమట. అచ్చట ఎవరు చూచుకొందురు? రేపు సైన్యములోనికి లాగుకొనిపోయిన నేమి గతి? ఇంట తండ్రినడుగగా ఆయన “మీ యమ్మ యెట్లనిన నట్లే” అని తప్పించుకొనెనట. భారమంతయు ఆమె తలమీదనే పడినది. ఇట్టి భారము మన పాఠకురాండ్రలో నెందరి తలలమీదనో పడుచుండును గనుక, ఆనాడు ఆ తల్లీకూతుళ్లతో ముచ్చటించిన విషయములనే ఈ నెల గోష్ఠికి తీసికొనుచున్నాము.

ముందుగా ఈ ఎన్.సి.సి. యనునది యెక్కడనుండి వచ్చినదో తెలిసికొందము. ఆంగ్లేయుల కాలమున 1917లో విశ్వవిద్యాలయ విద్యార్థులకు సైనికశిక్షణ నొసగు దళము లేర్పడెను. 1920 తరువాత వానికి యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అని పేరు వచ్చినది. అవి కొలదిమంది యువకులకే పరిమితమై యుండెను. 1946లో పండిత హృదయనాథ్ కుంజ్రూ గారి అధ్యక్షతన నొక సంఘము కూర్చబడి, దేశమంతటను పాఠశాలలయందును కళాశాలలయందును ఇట్టి శిక్షణ యుండవలెనని సూచించెను. ఆ సూచన ననుసరించి 1948లో శాసనము చేయబడి, ఆ సంవత్సరము జూలై 15వ తేదీన నేషనల్ క్యాడెట్ కోర్ వెలసినది. మరుసటి యేడే, అనగా 1949లోనే, బాలికల విభాగము ప్రారంభమైనది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి రెండేండ్లు నిండెనో లేదో, ఆడపిల్లలకును ఈ తలుపు తీయబడినదన్నమాట. 1962లో చైనాతో యుద్ధము జరిగిన పిదప, 1963లో కళాశాల విద్యార్థులకు దీనిని నిర్బంధము చేసిరి; 1968లో ఆ నిర్బంధమును తొలగించిరి. నాటినుండి నేటివరకును ఇది ఇష్టపడినవారికే.

తొలినాడు 20,000 మందితో ఆరంభమైన ఈ దళము నేడు 20 లక్షలకు చేరినదనియు, అందు 8 లక్షలకు పైబడి బాలికలేయనియు 2025 జనవరిలో ప్రధానమంత్రి ఢిల్లీ సభలో చెప్పిరి. కావున “ఆడపిల్లలెవరు చేరుదురు?” అను ప్రశ్నకు ఇక తావులేదు.

ఈ లెక్కలు విని తల్లి తలయూచెను గాని, “అక్కడ నేర్పేదేమమ్మా?” అని యడిగెను. న్యాయమైన ప్రశ్న. అందులకు కూతురే బదులు చెప్పవలసినది. కాని ఆమెకును దుస్తుల సంగతి తెలిసినంత చదువు సంగతి తెలియదు. ఖాకీ దుస్తులును, తలపై టోపీయును, దానిమీద ఎఱ్ఱని కుచ్చును ఆమె మనసును దోచుకొన్నవి. అది వయసునకు సహజమే.

నేర్పునదానిలో మొదటిది కవాతు. ‘సావధాన్’, ‘విశ్రామ్’ అను హిందీ ఆజ్ఞలకు లోబడి నిలుచుట, తిరుగుట, నడచుట. చూచువారికిది బొమ్మలాటవలె దోచును. కాని నలువదిమంది యొక్క యడుగుగా నడువవలెనన్న, తన తొందరను తాను అణచుకొనవలెను. వెనుకబడినదానిని విడిచి ముందునకు పోరాదు. తరువాత పటములు చదువుట, దిక్సూచితో త్రోవ కనుగొనుట, గాయపడినవారికి ప్రథమచికిత్స చేయుట, ఆరోగ్యసూత్రములు, అగ్నిప్రమాద వరదలయందు చేయవలసిన పనులు, చెట్లు నాటుట, రక్తదానమునకు జనమును పురికొల్పుట. చిన్న రైఫిలుతో గురిచూచి కాల్చుటయు గలదు. అది సుశిక్షితులైన సైనికుల కంటియెదుట, నియమితమైన చోటనే జరుగును. అందు నేర్పబడు ప్రధానవిషయము కాల్చుటకంటెను, ఆయుధమును ఎవరివైపును త్రిప్పకుండుట, ఆజ్ఞ లేనిదే తాకకుండుట యని తల్లులు గ్రహింతురుగాక.

ఇక మెట్ల విషయము. ఇది ముఖ్యము గనుక కొంచెము నిదానముగ చదువుడు. హైస్కూలు పిల్లలకు జూనియర్ విభాగము. 13 ఏండ్లు నిండినవారు చేరి, రెండేండ్లు శిక్షణపొంది, ఒక శిబిరమునకు పోయి, పరీక్షనిచ్చినచో ‘ఎ’ సర్టిఫికెట్టు లభించును. కళాశాల పిల్లలకు సీనియర్ విభాగము. బాలికలైనచో సీనియర్ వింగ్ అందురు. ఇందు రెండేండ్ల శిక్షణకు ‘బి’ సర్టిఫికెట్టు, మూడవ యేడు కూడ ముగించినవారికి ‘సి’ సర్టిఫికెట్టు. హైస్కూలులో ‘ఎ’ పొందనివారును కళాశాలలో ‘బి’కి పోవచ్చును, కాని ‘బి’ లేనిదే ‘సి’ లేదు. ప్రతి మెట్టునను కవాతులకు నూటికి 75 పాళ్లు హాజరుండవలెను. ఈ సర్టిఫికెట్లతోపాటు దళములో హోదాలును గలవు. సామాన్య క్యాడెట్టుగా చేరినది లాన్స్ కార్పొరల్, కార్పొరల్, సార్జెంట్ అగుచు, యోగ్యతయున్నచో అండర్ ఆఫీసర్ వరకు పోవచ్చును. భుజముపై నొక్కొక్క గీత పెరిగినకొలది తనక్రింది పిల్లల బాధ్యతయు పెరుగును.

సోదరీమణులారా! ‘వచ్చే యేడు చూతము’ అను మాటలోని చిక్కు ఇచ్చటనే యున్నది. డిగ్రీ మూడేండ్లు, ‘సి’ సర్టిఫికెట్టునకును మూడేండ్లే. మొదటి యేడు చేరనిచో మిగులునవి రెండేండ్లు; అంతట ‘బి’తోనే ఆగిపోవలెను. పైగా కళాశాలలలో సాధారణముగ మొదటి సంవత్సరపు పిల్లలనే చేర్చుకొందురు, స్థలములును కొన్నియే. ఆ తల్లి ‘కాదు’ అనలేదు. ‘తరువాత’ అని మాత్రమే యన్నది. కాని ఈ విషయమున ఆ రెండు మాటలకును ఫలమొక్కటియే. ‘కాదు’ అనదలచిన తల్లి కారణము చెప్పి ‘కాదు’ అనవచ్చును, అందు తప్పులేదు. తెలియక వాయిదావేసి, మూడేండ్ల పిదప బిడ్డ “నాడు చేరనిచ్చియుంటివా?” అని యడుగునపుడు నొచ్చుకొనుటయే తగదని మా మనవి.

ఇది విని తల్లి కొంతసేపు మాటాడలేదు. పిదప తన సంశయముల నొక్కటొక్కటిగ బయటపెట్టెను.

“సైన్యంలోకి బలవంతంగా తీసకపోరు గదా?” అని మొదటిది. తీసికొనిపోరు. 1948 నాటి శాసనమే క్యాడెట్లకు యుద్ధసేవ చేయవలసిన బాధ్యత లేదని చెప్పుచున్నది. 1965, 1971 యుద్ధములందు క్యాడెట్లు దేశములోపలి రక్షణకార్యములందు తోడ్పడిరి. 2020లో మహమ్మారి వచ్చినపుడు సేవకు ముందుకు వచ్చిరి. అంతియే గాని యుద్ధరంగమునకు పంపుట లేదు.

“ఖర్చు?” అని రెండవది. దుస్తులకును శిబిరమందలి భోజనమునకును ప్రభుత్వమే వ్యయము భరించును. ఇంటినుండి కావలసినవి ఒక పెట్టె, దుప్పటి, తువ్వాళ్లు, బూటుపాలిషు వంటి చిల్లర వస్తువులే.

“శిబిరంలో ఆడపిల్లకు కాపుదల?” అని మూడవది, ఇదియే అన్నిటికంటె పెద్దది. బాలికలకు వసతి వేరుగ నుండును. వారికి శిక్షణ నిచ్చుటకు మహిళా శిక్షకురాండ్రు గలరు. కళాశాలలలో అధ్యాపకురాండ్రే గ్వాలియరు నందలి అకాడమీలో శిక్షణపొంది, దళపు అధికారిణులై పిల్లలను వెంటబెట్టుకొని పోవుచుందురు. అయినను కాగితము మీద నియమమున్నదని ఊరకుండరాదు. శిబిర మెచ్చట, వెంట వచ్చు అధికారిణి యెవరు, ఆమె ఫోను నంబరేమి, పిల్ల ఇంటికి మాటాడు వేళ యేది, జబ్బుచేసినచో చూచు వైద్యులెవరు: ఈ అయిదు ప్రశ్నలును సంతకము చేయుటకు ముందే అడుగుడు. అడుగుట నమ్మకము లేకుండుట కాదు. జవాబు సరిగ వచ్చినచోటనే నమ్మకము పుట్టును. జవాబు రానిచోట సంతకము నిలుపుకొనుట తల్లి హక్కు.

“ఎండలో నల్లబడిపోదా?” అని నాలుగవది. ఈ మాటకు కూతురు నవ్వెను, తల్లియు నవ్వెను. కొంచెము నల్లబడును. వేరుసెనగ చేలలో నెండనక పనిచేసిన తల్లుల బిడ్డలకు మేనిరంగు విషయమై ఇంత దిగులేల? దిగులుపడవలసిన సంగతి వేరొకటి గలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల వయసు బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదు. అట్టి పిల్ల తెల్లవారుజామున పరుగెత్తి, ఎండలో గంటసేపు కదలక నిలిచినచో తలతిరిగి పడుట వింతకాదు. కావున చేర్చుటకు ముందు రక్తపరీక్ష చేయింపుడు. తక్కువైనచో వైద్యుని సలహాపై ఇనుపధాతువు మాత్రలు వాడింపుడు. కవాతునాడు ఖాళీకడుపుతో పంపకుడు. రాగిసంకటి, ఆకుకూర, పప్పు, వేరుసెనగలతో బెల్లము మన సీమలో ఏ యింటను దొరకనివి కావు. నెలసరి దినములలో శిబిరము పడినచో, కావలసిన గుడ్డలను సర్ది, మహిళా శిక్షకురాలితో సిగ్గుపడక చెప్పవలెనని పిల్లకు ముందే నేర్పుడు.

“చదువు చెడదా?” అని తుదిది. శ్రద్ధ లేని పిల్లకు దేనివలననైనను చెడును. వారమునకు కొన్ని గంటలు కవాతునకు పోవును. ఏటికి పది దినములు శిబిరమునకు పోవును. ఆ నష్టమును పూడ్చుకొను పద్ధతి ముందే యేర్పరచుకొనవలెను. తప్పిన పాఠముల నెవరి పుస్తకమునుండి వ్రాసికొనవలెనో శిబిరమునకు పోకముందే తోటిపిల్లతో చెప్పియుంచుట మేలు.

ఈ శిక్షణ యెచ్చటికి కొనిపోవునని కొందరడుగుదురు. ‘సి’ సర్టిఫికెట్టును ‘బి’ శ్రేణిలోనైన పొంది, డిగ్రీలో సగము మార్కులు తెచ్చుకొన్న అవివాహిత యువతులకు, వయసు నియమమునకు లోబడి, సైన్యమున అధికారిణులగుటకు ప్రత్యేకమార్గ మొకటి గలదు. వారు వ్రాతపరీక్ష లేకయే అయిదు దినములు సాగు ఎంపికసంఘపు పరీక్షకు పోవచ్చును. నెగ్గినచో శిక్షణ మన పొరుగుననున్న చెన్నపట్టణపు అకాడమీలోనే. ఆ అకాడమీ స్త్రీలకు 1992లో తలుపులు తీసినది. సైన్యమందలి స్త్రీలకు శాశ్వతోద్యోగపు హక్కు గలదని 2020లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. పుణె చెంత ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో 2022లో తొలిసారిగ బాలికలు చేరిరి. వారిలో 17 మంది 2025 మే మాసమున శిక్షణ ముగించుకొని బయటికి వచ్చిరి. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన కలికిరిలో 2014లో వెలసిన సైనికపాఠశాలలోను నేడు బాలికలకు ప్రవేశము గలదు. అయినను నిజము చెప్పవలెను: ఆ ప్రత్యేకమార్గమున స్త్రీలకు స్థలములు మిక్కిలి స్వల్పము. వేలమందిలో ఏ కొందరికో అవి దక్కును. ఉద్యోగమునకే యని చేర్చినచో నిరాశ కలుగవచ్చును. ఉద్యోగము రాకున్నను మిగులునదేమి యని చూచి చేర్పవలెను.

మిగులునదేమో చెప్పుటకు మన తెలుగుబాలిక కథ యొకటి చాలును. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున దుర్గాబాయి యను పదునాలుగేండ్ల బాలిక స్వచ్ఛంద సేవికగ నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు చెప్పబడియుండెను. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేకయే రాగా ఆ బాలిక అడ్డగించెను. టిక్కెట్టు తెప్పించిన పిదపనే లోనికి పోనిచ్చెను. ఆ బాలికయే తరువాత ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో సభ్యురాలై, దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని దేశమంతట పేరొందినది. అప్పగించిన పనిని ఎదుట నెవరున్నను తప్పక చేయుట, చేయునపుడు మర్యాద విడువకుండుట ఒక్కనాడు పుట్టునవి కావు. చిన్నచిన్న పనులలో ప్రతిదినము అలవరచుకొనవలసినవి. ఆ యలవాటునకే ఎన్.సి.సి.లో ‘అనుశాసనము’ అని పేరు. దానితో జతగూడినది ‘ఏకత’. ఈ రెండే ఆ దళపు సూత్రములు.

మేమీ మాటలు చెప్పుచున్నది కాణిపాకమున గదా! అచ్చటి స్థలకథలు పాఠకురాండ్రకు తెలిసినవే. గ్రుడ్డి, మూగ, చెవిటి సోదరులు మువ్వురు కలిసి బావి త్రవ్వుచుండగా స్వామి వెలసెనని యొక కథ. ఒకరి లోటు నొకరు పూడ్చుకొని పనిచేయుట యందలి సారము. బాహుదానదిని గూర్చినది మఱియొకటి. అన్న తోటలోని పండ్లను అడుగక తిన్న లిఖితుడు తన తప్పును తానే రాజునకు చెప్పుకొని, క్షమింతునన్నను ఒల్లక, శిక్షను కోరి పొంది, పోయిన చేతులను ఆ నదిలో మరల పొందెనట. మొదటిది ఏకతయైనచో రెండవది అనుశాసనము. కొత్త పేర్లతో వచ్చినంత మాత్రమున ఇవి మనకు పరాయివి కావు.

తల్లులు ఇంట చేయదగిన సాయ మొకటి గలదు. అది పనులు చేసిపెట్టుట కాదు, మానుట. పిల్ల ఖాకీ దుస్తులను పిల్లయే యుతికి ఇస్త్రీ చేసికొననిండు. బూట్లు ఆమెయే తుడుచుకొననిండు. జడను కొప్పుగ ముడుచుకొనుట ఆమెయే నేర్చుకొననిండు. తెల్లవారి లేపు పని గడియారమునకు విడువుడు. ఒకనాడు ఆలస్యమై మందలింపు పడినచో పడనిండు. అన్నమును ఆదరమును మీవంతు, తక్కినది ఆమెవంతు.

ఇంతయు విని ఆ తల్లి కూతురువైపు తిరిగి, “సరే, చేరు. అయితే నడుమ మానుకోకూడదు. మూడేండ్లూ పోవాల” అనెను. కాణిపాకమున ప్రమాణము చేసి తప్పినవారికి కీడు తప్పదని ఆ సీమవారి నమ్మకము. మద్యము మానుదుమని అచ్చట మాటయిచ్చి నిలబెట్టుకొన్నవారు ఎందరో. పిల్ల వెంటనే లేచి, “గుళ్లోకి పోయి ప్రమాణం చేస్తానమ్మా” అని బయలుదేరెను. తల్లి ఆమె చేయిపట్టి కూర్చుండబెట్టి, “దేవుని ముందర వద్దు. రేపు కాలు బెణికినా, ఒళ్లు బాగలేకపోయినా మాట తప్పితివని భయపడతావు. నా ముందర చెప్పు, చాలు. కష్టమైతే దాచకుండా నాతో చెప్పు” అనెను. పిల్ల ఒక నిమిషము ఆలోచించెను. ఆ యాలోచనయే మాకు మిక్కిలి నచ్చినది. పిమ్మట, “చెప్తానమ్మా. మూడేండ్లూ పోతాను” అనెను.

మేము వారితో ఎన్నో లెక్కలును నియమములును చెప్పితిమి గాని, ఆ తల్లి యన్న చివరిమాటకు సాటియైనది మా మాటలలో నొక్కటియు లేదు. మాట నిలుపుకొనుమని చెప్పుటయు, కష్టము దాచవలదని చెప్పుటయు రెండును కావలెను. మొదటిది దళము నేర్పగలదు. రెండవది ఇల్లే నేర్పవలెను.

మీ యింట ఇట్టి అడుగుడు వచ్చినపుడు, సోదరీమణులారా, ‘వచ్చే యేడు’ అనకుడు. అయిదు ప్రశ్నలడిగి, బిడ్డ ఆరోగ్యము చూచి, ‘ఔను’ అనియో ‘కాదు’ అనియో ఆ వారములోనే చెప్పుడు.